సంపాతి పందెం నుండి మెక్‌క్రెడీ రింగు దాకా

కిష్కింధకాండ చివర సంపాతి వృత్తాంతం వస్తుంది. సీత జాడ తెలియక దక్షిణసముద్రతీరంలో ప్రాయోపవేశానికి సిద్ధపడిన వానరులకు, రెక్కలు లేని ఆ వృద్ధగృధ్రం తన కథ చెప్పుకుంటుంది. తానూ తమ్ముడు జటాయువూ పడుచుతనపు గర్వంతో కైలాసశిఖరం మీద మునుల యెదుట పణం కట్టారట. సూర్యుడు అస్తాద్రిని చేరేవరకు అతనిని వెంబడించాలన్నది ఆ పందెం. మిట్టమధ్యాహ్నానికి జటాయువు సోలిపోయాడు. తమ్ముణ్ణి తన రెక్కలతో కప్పబోయి సంపాతి ఆ రెక్కలు కాల్చుకొని వింధ్యపర్వతం మీద పడ్డాడు.

బడిలో పాఠం చెప్పినన్నాళ్ళూ దీనిని సోదరప్రేమకు ఉదాహరణగానే చెప్పాను. పదవీవిరమణ తరువాత తీరిక దొరికి, ఏవేవో చదువుతూ గ్లైడర్ పందెముల చరిత్రలో పడ్డాను. అప్పటినుండి ఈ కథ నాకు మరొక విధంగా కనబడుతున్నది. ఆ పందెంలో వాళ్ళను ఎవరూ ఓడించలేదు. ఎంత ఎత్తున ఆగాలో, ఎప్పుడు వెనుదిరగాలో తెలియక తమంత తామే ఓడారు. ఇరవయ్యవ శతాబ్దంలో గ్లైడర్ వైమానికులు ఏభై ఏళ్ళు కష్టపడి, కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకొని తెలుసుకున్నది సరిగ్గా ఇదే. ఆ కథ తెలుగులో ఎవరూ వ్రాసినట్లు నా కంటబడలేదు. మిత్రులెవరైనా చూసి ఉంటే తెలుపగలరు.

ముందుగా రెండు ముక్కలు. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. నేలమీది యంత్రంతో తాడు చుట్టి గాని, మరొక విమానం వెనుక కట్టి గాని పైకి లాగి వదలుతారు. వదలిన క్షణం నుండి అది చుట్టూ ఉన్న గాలిలో దిగుతూనే ఉంటుంది. ఇక పైకి పోవడానికి ఒక్కటే ఉపాయం. తాను దిగే వేగం కన్నా ఎక్కువ వేగంతో లేచే గాలిని వెదకి పట్టుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం మన బీడుపొలాల్లో ఎండుటాకులనూ దుమ్మునూ చుట్టుకొని లేచే సుడిగాలిని చూశారు కదా, అటువంటి వేడిగాలి స్తంభమే వీరి ఆధారం. దానిని థర్మల్ అంటారు. గద్దలు రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోయేది అందులోనే. గ్లైడర్ కూడా అలాగే చుట్లు తిరిగి ఎత్తు సంపాదించి, ఆ ఎత్తును ఖర్చుపెడుతూ ముందుకు జారి, మరొక థర్మల్ వెదకుకోవాలి. మూడువందలో అయిదువందలో కిలోమీటర్ల దూరం, నడుమ చుట్టి రావలసిన మజిలీలు, చివరకు బయలుదేరిన చోటికే రాక. తక్కువ సమయంలో వచ్చినవాడు విజేత. ఇంజను లేదు గనుక గెలుపోటములు చాలావరకు నిర్ణయాల మీద ఆధారపడతాయి. ఏ మేఘం కిందికి పోవాలి, అక్కడ ఎంతసేపు ఉండాలి, ఏ వేగంతో వెళ్ళాలి, ఎప్పుడు ఆశ వదులుకోవాలి అన్నవి అటువంటివి.

ఈ క్రీడ పుట్టుక విచిత్రమైనది. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీకి 1919 నాటి వర్సాయి సంధి యుద్ధవిమానాలను నిషేధించి, ఇంజను విమానాల నిర్మాణాన్ని కూడా కట్టడి చేసింది. ఎగరాలన్న కోరిక మాత్రం సంధిపత్రాలకు లొంగదు. ‘ఫ్లూగ్‌స్పోర్ట్’ పత్రికాసంపాదకుడు ఆస్కర్ ఉర్సినుస్ పూనికతో 1920 వేసవిలో రోన్ పర్వతాల్లోని వాసర్‌కుప్పె కొండమీద ఇంజను లేని విమానాల పోటీ జరిగింది. ఆహెన్ నగరం నుండి వచ్చిన వోల్ఫ్‌గాంగ్ క్లెంపరర్ ‘నల్లదయ్యం’ అనే అర్థం వచ్చే పేరుగల తన గ్లైడరులో రెండు నిమిషాల ఇరవైరెండు సెకన్లు ఎగిరి, 1,830 మీటర్లు పోయి గెలిచాడు. ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది. కాని ఆ పోటీలోనే యూజెన్ ఫాన్ లెస్ల్ అనే యువకుడు నేల కూలి మరణించాడని తెలిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

రెండేళ్ళు తిరిగేసరికి కథ మారింది. 1922 ఆగస్టులో హానోవర్ విద్యార్థులు నిర్మించిన ‘వాంపీర్’ గ్లైడరులో ఆర్థర్ మార్టెన్స్ గంటకు పైగా గాలిలో నిలిచాడు. కొద్ది రోజులకే అదే గ్లైడరులో హెంట్‌సెన్ మూడు గంటలు దాటించాడు. గాలి కొండకు తగిలి పైకి మళ్ళేచోట అటూ ఇటూ తిరుగుతూ ఉండటమే అప్పటి విద్య. కొండను వదలిపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. 1926లో మాక్స్ కేగెల్‌ను ఒక ఉరుములమేఘం తనలోకి లాక్కొని ఏభై అయిదు కిలోమీటర్ల అవతల దింపింది. అతనికి ‘ఉరుముల మాక్స్’ అన్న పేరు స్థిరపడిపోయింది. అది అతని ప్రజ్ఞ కాదు, మేఘం దయ. అయినా, కొండ లేకుండా కూడా పైకి పోవచ్చునన్న సంగతి దానితో అందరికీ తెలిసింది.

ఆ దయను విద్యగా మార్చినవాడు ఆస్ట్రియా దేశీయుడు రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్. గాలిలో ఉన్న మనిషికి తాను పైకి పోతున్నాడో కిందికి పోతున్నాడో శరీరం నమ్మకంగా చెప్పలేదు. అందుకు వేరియోమీటర్ అనే పరికరం కావాలి. ఎత్తు మారితే వాయుపీడనం మారుతుంది. ఒక థర్మాస్ ఫ్లాస్కులోని గాలి సన్నటి గొట్టం గుండా లోనికో వెలుపలికో పారడాన్ని కొలిచి ముల్లు చూపిస్తుంది. ఇంతే దాని రహస్యం. అలెగ్జాండర్ లిప్పిష్ సూచించిన ఈ పరికరాన్ని గ్లైడరులో వాడిన తొలివారిలో క్రోన్‌ఫెల్డ్ ఒకడు. వంద కిలోమీటర్ల గీత దాటిన మొదటివాడూ అతడే, 1929లో. 1931లో ఒక్కరోజులో ఇంగ్లిషు చానల్‌ను అటు నుండి ఇటూ, ఇటు నుండి అటూ దాటాడు. అతడు యూదుడు. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాక అతని పేరు మారుమ్రోగిన ఆ కొండల్లోనే అతనికి చోటు లేకపోయింది. ఇంగ్లండు చేరి, ఆ దేశ పౌరుడై, 1948లో ఒక ప్రయోగాత్మక గ్లైడరును పరీక్షిస్తూ మరణించాడు. పందెముల చరిత్ర వ్రాసేవారు అంకెలతో ఆగిపోతారు. ఆ అంకెల వెనుక ఇటువంటి బ్రతుకులు ఉన్నాయి.

థర్మల్ దొరికింది, దానిని చూపే ముల్లు దొరికింది. ఇక మిగిలిన ప్రశ్న పైకి సులభంగా కనబడుతుంది. ఒక థర్మల్ నుండి మరొకదానికి పోయేటప్పుడు ఎంత వేగంగా పోవాలి? నెమ్మదిగా పోతే ఎత్తు మిగులుతుంది, కాలం పోతుంది. వేగంగా పోతే కాలం మిగులుతుంది, ఎత్తు పోతుంది. పోయిన ఎత్తును మళ్ళీ సంపాదించడానికి తరువాతి థర్మల్లో ఎక్కువసేపు తిరగాలి. లాభనష్టాలు ఎక్కడ సరిపోతాయి?

లెక్క చూడండి. ఉదాహరణకు ఒక గ్లైడర్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు 0.7 మీటరు దిగుతుందనీ, 150తో పోతే 1.4 మీటర్లు దిగుతుందనీ అనుకుందాం. దూరం 60 కిలోమీటర్లు. నెమ్మదిగాడికి 36 నిమిషాల ప్రయాణం, 1,512 మీటర్ల దిగుడు. వేగిరగాడికి 24 నిమిషాలు, 2,016 మీటర్ల దిగుడు. ఆవల దొరికే థర్మల్ బలమైనదై సెకనుకు 3 మీటర్లు లేపితే, ఎత్తు తిరిగి రాబట్టుకోవడానికి మొదటివాడికి 8 నిమిషాల పైచిలుకు, రెండవవాడికి 11 పైచిలుకు పడుతుంది. మొత్తం మీద వేగిరగాడు తొమ్మిది నిమిషాలు ముందున్నాడు. అదే థర్మల్ నీరసమైనదై సెకనుకు అర మీటరు మాత్రమే లేపితే? నెమ్మదిగాడికి మొత్తం 86 నిమిషాలు, వేగిరగాడికి 91. కుందేలు ఓడింది, తాబేలు గెలిచింది. ఏది మంచి వేగమన్నది విమానంలో లేదు, వెళ్ళేవాడి ధైర్యంలోనూ లేదు. ఇంకా చేరని, కంటికి కనబడని రేపటి థర్మల్లో ఉన్నది. వెనుకటి థర్మల్ ఎంత గొప్పదైనా అది ఇప్పటి వేగాన్ని నిర్ణయించదు. రాబోయేదానిని ఊహించి దానికి తగిన వేగం పెట్టుకోవాలి. ఈ లెక్కలో నన్ను ఆకట్టుకున్నది ఇదే.

1938లో రోన్ పోటీ గెలిచిన వోల్ఫ్‌గాంగ్ స్పేటె ఇటువంటి వేగపట్టికనే తనతో తీసుకుపోయాడు. అదే ఏడు పోలండులో ష్వార్ట్స్, కస్ప్షిక్ అనే ఇద్దరు ఇదే ఫలితాన్ని ప్రచురించారు. వారి వ్యాసం ఇంగ్లిషులో వచ్చింది 1940 జులైలో. ఆ నెలలో ఐరోపా ఆకాశంలో ఏమి జరుగుతున్నదో తలచుకుంటే, ఆ వ్యాసాన్ని ఎందరు చదివి ఉంటారు? స్పేటె తరువాత రాకెట్ యుద్ధవిమానం నడిపాడు. 1938 మే నెలలో 577 కిలోమీటర్ల పైచిలుకు ఎగిరి మొట్టమొదటి లిలియెంతాల్ పతకం పొందిన పోలండు యువకుడు తడెయుష్ గూరా బ్రిటిష్ వాయుసేన పక్షాన యుద్ధవిమానం నడిపాడు. ఒకే ఆకాశంలో ఒకే విద్య నేర్చినవారు చెరొక వైపు నిలిచారు.

యుద్ధం ముగిశాక ఆ లెక్క ఒక అమెరికను పేరుతో లోకమంతా వ్యాపించింది. అతడు పాల్ మెక్‌క్రెడీ. 1948, 1949లలో అమెరికా జాతీయవిజేత. 1956లో ఫ్రాన్సులోని సెంట్‌యాన్‌లో ప్రపంచ విజేత అయిన మొదటి అమెరికను. అతడు చేసిన పని చూడటానికి చిన్నది. వేరియోమీటరు ముఖం చుట్టూ తిరిగే ఒక రింగు అమర్చి, దానిమీద వేగాలు వ్రాశాడు. రాబోయే థర్మల్ ఎంత బలంగా ఉండగలదో ఊహించి ఆ అంకెకు రింగు త్రిప్పితే, ముల్లు ఎక్కడ ఉంటే అక్కడి వేగంతో పోవాలి. థర్మల్ బలం ఆ అంకెకు తగ్గగానే వదలి ముందుకు సాగాలి. పట్టిక జేబులోంచి తీసి చూడనక్కరలేదు, కాగితం మీద భాగహారం చేయనక్కరలేదు. సిద్ధాంతం తనకు ముందే ఉన్నా దానిని చేతికి అందేట్టు చేసినవానికే పేరు దక్కింది. ఇది అన్యాయమా అని చాలాసేపు ఆలోచించాను. శాస్త్రంలో ప్రథముడికి దక్కవలసిన గౌరవం ఆ పోలండు వారికి దక్కలేదన్నది నిజం. కాని గాలిలో ఒంటరిగా ఉన్నవాడికి పనికివచ్చింది రింగే. వ్యాకరణసూత్రం ఒకరిది, దానిని పిల్లవాడి నోట పలికించేది మరొకరు. నేను రెండవ పనిలోనే జీవితం గడిపాను గనుక మెక్‌క్రెడీ మీద కొంత పక్షపాతం ఉన్నదేమో.

యుద్ధానంతరం పందెపు స్వరూపం కూడా మారింది. ఎవరు ఎక్కువ దూరం పోతే వారిది గెలుపు అన్న పాత పద్ధతిలో వైమానికుడు సాయంకాలానికి ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఏ పొలంలోనో దిగేవాడు. అతని పరివారం కారు వెనుక పొడుగాటి బండి తగిలించుకొని రాత్రంతా వెదకి తీసుకురావాలి. మరునాడు ఉదయం నిద్రకళ్ళతో మళ్ళీ పోటీ. క్రమంగా చుట్టివచ్చే వేగపందెములే ప్రధానమైనాయి. దూరపుయాత్ర రికార్డులకు మిగిలింది. హాన్స్ వెర్నర్ గ్రోస్సె 1972 ఏప్రిల్ 25న జర్మనీలోని ల్యూబెక్ నుండి ఫ్రాన్సు కొసనున్న బియారిట్స్ దాకా 1,460 కిలోమీటర్లు ఇంజను లేకుండా పోయాడు. ఒకే పగటిలో.

వేగపందెములతో ఒక కొత్త మనస్తత్వం అవసరమయింది. దానిని అందరికన్నా స్పష్టంగా చెప్పినవాడు జార్జి మోఫట్. న్యూజెర్సీలో ఇంగ్లిషు బోధించిన ఉపాధ్యాయుడు! భాషోపాధ్యాయుడొకడు రెండుసార్లు ప్రపంచవిజేత కావడం (1970లో టెక్సాసులోని మార్ఫాలో, 1974లో ఆస్ట్రేలియాలోని వైకెరీలో) నాకు చెప్పుకోలేని ఆనందం. సాహిత్యం చెప్పేవారికి లెక్కలు రావని వెక్కిరించే సహోద్యోగులను నేనూ ఎరుగుదును. గ్లైడరుకు ముందు అతడు తెరచాప పడవల పందెములలో ఆరితేరినవాడు. 1974లో వచ్చిన ‘విన్నింగ్ ఆన్ ది విండ్’ అతని పుస్తకం. దాని సారాంశం నా మాటల్లో చెప్పాలంటే: పోటీలను గెలవడం కన్నా ఓడకుండా ఉండటం ముఖ్యం.

ఇది పిరికిమాట కాదు. పోటీ ఒక్కరోజుది కాదు, ఎనిమిది పది రోజులది. ప్రతిరోజూ ఆనాటి విజేతకు గరిష్ఠంగా వేయి మార్కులు. మిగిలినవారికి వారి వేగాన్ని బట్టి. తిరిగి రాలేక పొలంలో దిగినవానికి పోయిన దూరానికి తగ్గ కొద్దిపాటి మార్కులే. ఒకడు ఎనిమిది రోజులు మహావేగంతో పోయి సగటున 980 తెచ్చుకొని, ఒక్కరోజు పొలంలో దిగి 350తో సరిపెట్టుకున్నాడనుకోండి. మొత్తం 8,190. మరొకడు ఒక్కరోజు కూడా ప్రథముడు కాకుండా తొమ్మిది రోజులూ 930 తెచ్చుకున్నాడు. మొత్తం 8,370. పతకం రెండవవానిదే. ముప్పై ఏళ్ళకు పైగా పరీక్షపత్రాలు దిద్దినవాణ్ణి. కఠినమైన ప్రశ్న మీద పంతంతో గంట గడిపి, తెలిసిన నాలుగు ప్రశ్నలు వదలివేసే తెలివైన పిల్లలను ఎందరినో చూశాను. వారి సమాధానపత్రాలే ఈ లెక్కలో నాకు కనబడ్డాయి.

మోఫట్ మరొకటి పట్టుకున్నాడు. విజేతకూ పదవస్థానంలో ఉన్నవానికీ తేడా గొప్ప సాహసాల్లో ఉండదు. పనికిరాని చుట్లలో ఉంటుంది. నీరసమైన థర్మల్లో ‘చూద్దాం’ అనుకుంటూ తిరిగే రెండు చుట్లు, బలం తగ్గిన తరువాత వదలలేక తిరిగే మరొక చుట్టు, థర్మల్ నడుమకు చేరడానికి తడబడే అర నిమిషం, ఇలా ఒక్కొక్కటి కొద్ది సెకన్లే. రోజంతా కూడితే అదే ఓటమి. ఆ రోజుల మనస్తత్వం కళ్ళకు కట్టే ఒక చలనచిత్రం కూడా ఉన్నది. రాబర్ట్ డ్రూ తీసిన ‘ది సన్ షిప్ గేమ్’, 1971. 1969లో మార్ఫాలో జరిగిన అమెరికా జాతీయ పోటీలో మోఫట్‌నూ, ఛాయాచిత్రకారుడు గ్లెబ్ డెరుజిన్‌స్కీనీ ప్రక్కప్రక్కన పెట్టి చూపుతుంది. ఒకడు లెక్కలవాడు, ఒకడు మనసు చెప్పినట్టు పోయేవాడు. మన సానుభూతి రెండవవాని వైపు పోతుంది. మార్కులు మొదటివాని వైపు పోతాయి.

ఇక అన్నిటికన్నా చిత్రమైన భాగం బయలుదేరడం. పరుగుపందెంలో తుపాకి పేలగానే అందరూ పరుగెత్తుతారు. గ్లైడర్ పోటీలో అలా కాదు. గీత తెరచిన తరువాత ఎవరికి ఇష్టమైనప్పుడు వారు దాటవచ్చు. ఎవరి గడియారం వారిది. ముందు పోతే మేలని మనకు తోస్తుంది. వాస్తవం తలక్రిందులు. థర్మల్ కంటికి కనబడదు. కాని అందులో తిరుగుతున్న గ్లైడర్ కనబడుతుంది. ముందు పోయినవాడు వెదకివెదకి పట్టుకున్న థర్మల్ వెనుక వచ్చేవానికి దీపస్తంభం. నాకన్నా పది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరినవాడు దారిలో నన్ను అందుకొని నాతోపాటే చేరితే, అతడు నన్ను పది నిమిషాల తేడాతో ఓడించినట్టు. అందుచేత అందరూ గీత దగ్గర గద్దల్లా తిరుగుతూ, ఎదుటివాడు ఎప్పుడు కదులుతాడా అని చూస్తూ ఉంటారు. ఒకడు పోయినట్టు నటించి వెనుకకు వస్తాడు. కాని కాలం ఆగదు. మధ్యాహ్నం గడిచేకొద్దీ సూర్యుడు వాలుతాడు, థర్మల్ చస్తుంది. ఎదుటివాని కోసం కాచుకొని కాచుకొని చివరి పాతిక కిలోమీటర్లలో గాలి చచ్చిపోయి పొలంలో దిగినవారికి లెక్కలేదు. అక్కడ వారిని ఓడించింది ప్రత్యర్థి కాదు, ప్రత్యర్థి మీద పెట్టిన చూపు.

గుంపులో పోవడంలో క్షేమమూ ఉంది, మృత్యువూ ఉంది. ఒకే థర్మల్లో ఇరవై ముప్పై గ్లైడర్లు ఒకదానిపై ఒకటి తిరుగుతుంటే కన్ను ఏమరితే అంతే. 1970, 1974, 1978లలో మూడుసార్లు ప్రపంచవిజేత, 1975లో వెలువడిన దూరయాన గ్రంథంతో ఒక తరానికి గురువైన జర్మన్ హెల్ముట్ రైష్‌మన్ 1992లో గాలిలో రెండు గ్లైడర్లు ఢీకొన్న ప్రమాదంలోనే పోయాడు. 2004లో స్విట్జర్లండు నుండి ఫ్లార్మ్ అనే పరికరం వచ్చింది. దగ్గరలోని గ్లైడరును పసిగట్టి హెచ్చరిస్తుంది. ప్రాణరక్షణకు చేసిన ఆ పరికరాన్ని కొందరు ముందున్నవాడు ఎక్కడ, ఎంత వేగంగా లేస్తున్నాడో తెలుసుకోవడానికి వాడసాగారు! దానిమీద నియమాల చర్చలు చాలా జరిగాయి. మనిషి స్వభావమే అంత.

ఇక్కడ మన దేశపు ముచ్చట ఒకటి చెప్పాలి. ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడిగా పనిచేసిన ఇ. హెచ్. హాన్కిన్ అనే ఆంగ్లేయుడు (గంగాయమునల నీటిలో కలరా క్రిములను చంపే గుణమున్నదని 1896లో వ్రాసినవాడు ఇతడే) ఆగ్రా ఆకాశంలో గద్దలనూ రాబందులనూ గంటల తరబడి పరిశీలించి 1913లో ‘యానిమల్ ఫ్లైట్’ అనే గ్రంథం వెలువరించాడు. పొద్దెక్కేటప్పుడు తేలికపాటి గద్దలు ముందు లేస్తాయి, బరువైన రాబందులు ఎండ ముదిరిన తరువాతనే లేస్తాయి అని గమనించాడు. వాసర్‌కుప్పె పోటీకి ఏడేళ్ళ ముందు మాట ఇది. నేటి పందెపు గ్లైడర్ల రెక్కల్లో నీళ్ళు నింపుకొని పోతారు. ఎందుకు? బరువుంటే అదే జారుడుకోణంలో మరింత వేగంగా పోవచ్చు. కాని నీరసమైన థర్మల్లో బరువు చేటు. కనుక పొద్దున, సాయంత్రం తేలిక మేలు, మధ్యాహ్నం బరువు మేలు. గాలి నీరసించగానే నీళ్ళు వదలివేస్తారు. వదలిన నీళ్ళు మళ్ళీ రావు గనుక ఎప్పుడు వదలాలన్నది పెద్ద నిర్ణయం. గద్దకూ రాబందుకూ ఆ అవకాశం లేదు. మనిషి మాత్రం ఒకేరోజు రెండు పక్షులూ కాగలుగుతున్నాడు.

మెక్‌క్రెడీ లెక్కలో ఒక లోపం మొదటినుండీ ఉన్నది. తరువాతి థర్మల్ ఎంత బలమైనదో తెలుసుననీ, కింద నేల లేదనీ అది అనుకుంటుంది. రెండూ నిజం కావు. దీనిని సవరిస్తూ 1999లో ఒక వ్యాసం వ్రాసినవాడు జాన్ కాక్రన్. వృత్తిరీత్యా అర్థశాస్త్రాచార్యుడు, తీరికవేళ గ్లైడర్ పందెగాడు, పైగా మనలాగే బ్లాగరు కూడా! అనిశ్చితిలో డబ్బు ఎలా పెట్టుబడి పెట్టాలన్నది చదివినవాడు గనుక అతడు ఎత్తును డబ్బులా చూశాడు. ఎత్తు చేతినిండా ఉన్నప్పుడు రింగు పెద్ద అంకెకు త్రిప్పి, నీరసమైన థర్మళ్ళను కాదని ఏరుకుంటూ వేగంగా పో. కిందికి దిగేకొద్దీ అంకె తగ్గించు. బాగా దిగిన తరువాత దొరికినదే మహాప్రసాదం. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చేసే సంసారమే ఇది. దీనికి గణితం ఉన్నదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తేడా ఏమిటంటే, ఇంట్లో ధనం తరగడం నెమ్మదిగా జరుగుతుంది, ఇక్కడ పది నిమిషాలు. పదిహేను వందల మీటర్ల ఎత్తున రాజులా ఉన్న మనస్సును, నాలుగువందల మీటర్ల దగ్గర కూలివాని మనస్సుగా మార్చుకొని, మళ్ళీ పైకి పోగానే రాజై కూర్చోవాలి. మారలేనివాడు ఓడుతాడు. కింద పడ్డ భయాన్ని పైకి మోసుకుపోయి అనవసరంగా నెమ్మదించేవారూ అంతేమంది ఉంటారు.

ఇటీవలి కాలపు మహావిజేత పోలండుకు చెందిన సెబాస్టియన్ కావా. వృత్తిచేత వైద్యుడు. మోఫట్ లాగే ఇతడూ మొదట తెరచాప పడవల పందెగాడు. నీటిమీద గాలిని చదివినవారే ఆకాశంలో రాణించడం కాకతాళీయమని నాకు తోచదు. 2003 నుండి పదికి మించి ప్రపంచపతకాలు గెలిచాడు. 2005లో ఫ్రాన్సులోని సెంట్‌ఒబాన్‌లో జరిగిన తొలి గ్రాండ్‌ప్రీ ప్రపంచపోటీ విజేత కూడా అతడే. ఆ గ్రాండ్‌ప్రీలో నియమం వేరు. పడవపందెంలో వలె అందరూ ఒక్కసారే గీత దాటాలి, ముందు వచ్చినవాడు ముందు. కాచుకొని కూర్చునే ఆటకు అక్కడ తావులేదు. అక్కడా గెలిచాడు, కాచుకునే పోటీల్లోనూ గెలిచాడు. రెండు రకాల నియమాల్లోనూ ఒకే మనిషి గెలిచినప్పుడు, గెలుపు ఎత్తుగడలోనే ఉన్నదని వాదించే నా బోటివారు కొంత తగ్గవలసి వస్తుంది.

మెక్‌క్రెడీ సంగతి పూర్తి చేయలేదు. ప్రపంచవిజేత అయిన ఇరవై ఏళ్ళకు, బంధువు చేసిన అప్పుకు జామీను ఉండి లక్ష డాలర్ల ఋణంలో చిక్కుకున్నాడు. మనిషి కండబలంతో ఎగిరే విమానానికి క్రెమర్ బహుమతి ఏభైవేల పౌండ్లు. ఇంచుమించు అప్పుతో సమానం. 1976 వేసవిలో కుటుంబంతో కారులో ప్రయాణిస్తూ, ఆకాశంలో తిరిగే డేగలనూ రాబందులనూ చూసి, ఒక్కొక్క చుట్టుకు ఎన్ని సెకన్లు పడుతున్నదో లెక్కపెడుతూ పోయాడట. ఆ లెక్కల నుండి పుట్టిన ‘గాసమర్ కాండర్’ 1977 ఆగస్టు 23న ఎనిమిది అంకె ఆకారంలో మైలు దూరం చుట్టివచ్చి బహుమతి గెలిచింది. రెండేళ్ళకు దాని తోబుట్టువు ఇంగ్లిషు చానల్ దాటింది. 2007లో మెక్‌క్రెడీ మరణించాడు.

హాన్కిన్ చూసిన ఆ తెల్లవీపు రాబందుల మాట అడుగుతారేమో. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు వల్ల 1990ల నుండి పదిహేనేళ్ళలోపే దేశంలో నూటికి తొంభైతొమ్మిదికి పైగా నశించాయి. 2006లో ఆ పశువైద్యపు మందును నిషేధించారు. నా చిన్నప్పుడు ఊరిబయట చచ్చిన గొడ్డు చుట్టూ అవి వాలడం చూశాను. గత ఇరవై ఏళ్ళలో ఒక్కటి కూడా కంటబడలేదు. మా మనవడికి సంపాతి బొమ్మ చూపి ‘ఇది గద్ద కాదురా, రాబందు’ అని చెబితే, ‘రెండింటికీ తేడా ఏమిటి తాతయ్యా, ఏదీ ఎక్కడ?’ అన్నాడు. హాన్కిన్ గ్రంథంలో ఆగ్రా రాబందుల వర్ణన విడిగా చెప్పుకోదగినది. వీలు చూసుకొని మరొక టపాలో వ్రాస్తాను.